యానాములో కమాను కట్టలు విప్పిన మూడు దినములు

ఎద్దుబండి ఇరుసు కీచుమన్నచో ఊరక కూర్చుండు రైతు మన వైపున ఉండెడివాడు కాడు. వెంటనే బండి నిలిపి, శీల ఊడదీసి, చక్రమును జానెడు ఇవతలకు లాగి, బండి క్రింద వ్రేలాడు వెదురుగొట్టములోని కందెనను ఇరుసునకు పట్టించి గాని కదలెడివాడు కాడు. ఆముదములో గడ్డిమసి కలిపి నూరిన ఆ నల్లని ముద్దకు మన భాషలో ఇంత చక్కని పేరు కలదు గాని, బండిలో కూర్చున్నవాని నడుము నొవ్వకుండ కాపాడు సాధనమునకు మాత్రము మనకు స్వంతమైన పేరు లేదు. కారణము స్పష్టమే. ఆ బండికి ఆ సాధనమే లేదు. ఇరుసుమీద బండి, బండిమీద మనిషి. గతుకు చక్రమునకు తగిలిన క్షణముననే వెన్నెముకకును తగిలెడిది. అడుగున పరచిన వరిగడ్డియే ఆనాటి మెత్తదనము.

జట్కాలతోపాటు మనకు ‘కమాను’ అను మాట వచ్చినది. పారసీకమున విల్లు అని దాని అర్థము. ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి, విల్లువలె వంచి, ఇరుసునకును బండికిని నడుమ బిగించిన కట్ట అది. ఆంగ్లదేశమున ఒబడయా ఇలియట్ అను బండ్ల పనివాడు 1804లో గుర్రపుబండ్లకు ఇట్టి జంట విండ్లను అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ కట్టయే రూపము కొంత మారి నేటి లారీ క్రిందను కలదు. మా యింటి అంబాసిడరు వెనుక చక్రముల నడుమను కలదు.

మేము పుదుచ్చేరిలో స్థిరపడి 30 ఏండ్లు దాటినది. ఈ సంచికను చదువు కుటుంబములలో పెక్కింటివలె మా కుటుంబమునకును రెండు ఊళ్ళు. ఉద్యోగము, పిల్లల చదువు ఇచ్చట; ఇల్లు, పెద్దలు యానాములో. నడుమ 800 కిలోమీటర్లకు పైబడిన దూరము. పుదుచ్చేరి వీధిలో ‘పీవై 04’ అను అక్షరములు గల బండి కన్పట్టినచో, అది ఎవరిదైనను, మనవారిదే యని ఒకమారు తల త్రిప్పి చూతుము. ఆ అక్షరములనే చూచి కాకినాడవారు పొరుగు రాష్ట్రపు బండి యందురు. ఇచ్చటివారు తెలుగువారి బండి యందురు. మా తండ్రిగారు 1991లో కొన్న అంబాసిడరు అట్టి రెండు పేళ్ళ బండి.

వారు ఫ్రెంచివారి కాలమున యానాములో ఫ్రెంచి బడిలో చదువుకొన్నవారు. 1954లో ఆ ఊరు ఫ్రెంచివారి చేతినుండి వచ్చిన తరువాత ఉపాధ్యాయులుగా పనిచేసి, విశ్రాంతి పొందిరి. మావద్దకు వచ్చి ఉండుడని ఎన్నిమారులు ప్రార్థించినను గోదావరి గట్టు విడువలేదు. 2012 నవంబరులో పెరటి మెట్టుమీద జారి పడగా తుంటి ఎముక విరిగినది. అప్పటికి వారి వయస్సు 82. కాకినాడలో వైద్యులు విరిగిన ఎముక తలను తీసివేసి, దాని స్థానమున లోహపు గుండును అమర్చిరి. తరువాత వారమునకొకమారు ఆసుపత్రికి తీసికొని రావలెననిరి. యానాము నుండి కాకినాడకు సుమారు 30 కిలోమీటర్లు. దూరము స్వల్పమే. కాని ఇంజరము, తాళ్ళరేవు, కోరంగి, చొల్లంగి మీదుగా పోవు ఆ దారి యంతయు కాలువల దేశము. డెల్టాలోని బంకమన్ను తడిసి ఉబ్బును, ఎండి కుంగును. తూములు కుంగవు, వానికి ఇరువైపుల పోసిన మట్టి కుంగును. కావున ప్రతి తూమువద్ద బండి ఒకమారు ఎగిరి ఒకమారు దిగవలసినదే. ఊరికి నాలుగుచొప్పున స్పీడు బ్రేకర్లు వేరుగా కలవు.

ఆ దారిలో మా తండ్రిగారు పడిన బాధను మా తల్లిగారు ఫోనులో చెప్పుచుండగా వినుట మాకు దుస్సహమయ్యెను. వారు నోరు విప్పి మూలుగువారు కారు. పై చువ్వను పట్టుకొని, ప్రతి తూమువద్ద కన్నులు మూసికొనెడివారట. డిసెంబరు చివరి వారమున “ఇంక నేను రాను, జరిగేదేదో ఇక్కడే జరగనీ” అనిరట.

మా బావగారు ఆ పాత బండిని అమ్మి, క్రొత్త చిన్నకారు కొనుడని సలహా ఇచ్చిరి. సలహా మంచిదే. సంక్రాంతికి మేము యానాము చేరిన మరునాడే బంధువుల కారొకటి తెప్పించి చూచితిమి. తుంటి కీలు మార్చినవారు తొడను నడుముతో లంబకోణమునకు మించి వంచరాదు. మోకాలు తుంటికంటె ఎత్తున ఉండు తగ్గు ఆసనమున కూర్చుండరాదు. ఇది వైద్యుల గట్టి ఆజ్ఞ. ఆ చిన్నకారులో ఆసనము నేలకు దగ్గరగా ఉన్నది, ద్వారము ఇరుకు. ముగ్గురము పట్టుకొన్నను తండ్రిగారిని అందులో కూర్చుండబెట్టలేకపోతిమి. అంబాసిడరులోనో, వెనుక ఆసనము కుర్చీవలె ఎత్తుగా ఉండును. వెనుకకు తిరిగి కూర్చుండి, కాళ్ళు మెల్లగా లోనికి తీసికొనవచ్చును. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాపై, కలకత్తా సమీపమున ఉత్తరపాడాలో 1957 నుండి 2014 వరకు తయారైన ఆ బండిని ఎందరో ఎగతాళి చేసిరి. ముసలివారికి, గర్భిణులకు, పెద్ద పంచె కట్టువారికి అంత మర్యాద చేసిన కారు మరియొకటి మేమెరుగము.

కావున అమ్ముటకు వీలులేదు, ఉన్నదానినే బాగుచేయవలెను. అప్పటికే ఒక పట్టణములోని మరమ్మతు శాలవారు నాలుగు షాక్ అబ్జార్బర్లను మార్చి, పెద్ద మొత్తము తీసికొని పంపియుండిరి. అయినను కుదుపు తగ్గలేదు. ఎందువలన తగ్గలేదో తెలియవలెనన్న ఆ రెండు సాధనముల భేదము కొంత తెలియవలెను. గతుకు దెబ్బను మ్రింగునది కమాను. షాక్ అబ్జార్బరు పని వేరు. విల్లు ఒకమారు వంగినచో వెంటనే నిలువదు, పైకి క్రిందికి ఊగుచునే ఉండును. ఆ ఊపును నూనెలో కదలు ముషలకము మెల్లగా అణచును. దెబ్బను మ్రింగవలసిన విల్లే తుప్పుపట్టి కదలకున్నను, దానిని బండికి కలుపు కీళ్ళు అరిగి వదులైనను, షాక్ అబ్జార్బర్లు ఎన్ని మార్చినను ప్రయోజనము శూన్యము.

ఈ సంగతిని మాకు మొదట చెప్పినవారు కనకాలపేటలో ఉండు వృద్ధ మేస్త్రిగారు. లారీల క్రింద 40 ఏండ్లు పనిచేసి, చూపు తగ్గి, పని మానినవారు. మా తండ్రిగారివద్ద బాల్యమున నాలుగక్షరములు నేర్చుకొన్న గౌరవముచే కబురంపగానే వచ్చిరి. బండిని ముందుకు వెనుకకు పది అడుగులు నడిపించి, చెవి యొగ్గి విని, వెనుక మూలను చేతితో అదిమి విడిచిరి. తరువాత చేతి దీపముతో క్రిందికి దూరి, కమాను చివరనున్న కీలులో గూటాము దూర్చి ఎత్తిచూచిరి.

“అబ్బాయిగారూ, నూనె డబ్బాలు మార్చారు గానండి, కీళ్ళు మార్చలేదండి. ఇదిగో, బుష్షన్నది లేనే లేదు. ఇనుము ఇనుముని కొడతంది. ఆయ్.”

వసారాలో కుర్చీపై కూర్చుండి వినుచున్న మా తండ్రిగారు, “రెసోర్ బాగుందా మేస్త్రీ?” అని యడిగిరి. కమానును వారు ఎల్లప్పుడును ఫ్రెంచి పేరుతోనే పిలుతురు.

“విప్పితే గాని చెప్పలేనండి పంతులుగారూ” అని వారి ప్రత్యుత్తరము.

ముక్కనుమ మరునాడు పని మొదలిడితిమి. ఇంటివద్దనే చేయుటకు కారణము పట్టుదల కాదు. బండిని మరల ఎక్కడనో విడిచి వచ్చినచో గురువారము ఆసుపత్రి ప్రయాణము తప్పును. పైగా, చేయుచున్న పనిని కన్నులార చూడవలెనను కోరిక మా తండ్రిగారికే కలిగినది. మేము, ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు, మేస్త్రిగారు. చేతులు మావి, చూపు మేనల్లునిది, తెలివి మేస్త్రిగారిది.

ఇట్టి పనిలో ప్రాణభయము ఒక్కచోటనే కలదు, అది జాకీ. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. ఎత్తిన బండిని దానిమీదనే నిలిపి క్రిందకు దూరినవారు కొందరు మరల లేవలేదు. మా తల్లిగారు ఇనుప స్టాండ్లు లేవని విని, పడవలు కట్టువారి వద్దనుండి వచ్చి పెరటిలో పడియున్న నల్లతుమ్మ దుంగలను చూపిరి. భోగిమంటకై పిల్లలు ఎత్తుకొని పోవుచుండగా ఆమెయే ఆపి దాచినవట అవి. “జాకీ ఒక్కదాన్నీ నమ్మి దూరారో, మీ నాన్నగారి పక్కన మీక్కూడా మంచం వెయ్యాలి” అని హెచ్చరించిరి. ముంగిట సిమెంటు చప్టాపై బండి నిలిపి, ముందు చక్రములకు రెండువైపుల చెక్కలు దూర్చి, చక్రపు నట్లను నేలమీద నుండగనే వదులు చేసి, పిమ్మట ఇరుసు క్రింద జాకీ పెట్టి ఎత్తితిమి. కమాను ముందుచివరకు ముందుగా చట్రము క్రింద దుంగలను పేర్చి, బండి బరువును వానిపైకి దింపి, చేతులతో బలముగా ఊపి చూచి, కదలదని తేలిన తరువాతనే మేస్త్రిగారు క్రిందకు దూరనిచ్చిరి. రెండవ నియమము, ఒకవైపు పూర్తియగువరకు రెండవవైపు ముట్టరాదు. ఒక కట్ట ఉన్నంతకాలము ఇరుసు తన తావు తప్పదు.

మొదటి దినమంతయు తుప్పుతో యుద్ధము. సముద్రము దగ్గర; గాలిలో ఉప్పు. ముందు రాత్రియే కిరసనాయిలులో ఇంజను నూనె కలిపి ప్రతి నట్టుకును పోసి నానబెట్టియుంటిమి. కట్టను ఇరుసునకు బిగించు యు బోల్టులు రెండు, వాని నాలుగు నట్లు, రెండు పానాలతో, కొంత సుత్తితో వచ్చినవి. వెనుక చివర షేకిల్ పిన్నులును వచ్చినవి. ముందు కంటిలోని బోల్టు మాత్రము లోపలి గొట్టముతో ఏకమైపోయి, ఎంత కొట్టినను కదలలేదు. హాక్సా బ్లేడులు మూడు విరిగిన పిదప సాయంకాలమునకు తెగినది. పుదుచ్చేరి కార్యాలయములో కలము తప్ప పట్టని మా అరచేతులు బొబ్బలెక్కెను. మా మేనల్లుడు “మావయ్యా, ఇది కంప్యూటరులో గీసేటప్పుడు అరనిమిషం పనే” అని నవ్వెను.

కట్ట బయటకు వచ్చినది. రబ్బరు బుష్షు ఉండవలసిన చోట నల్లని పొడి రాలినది. గుండ్రని కన్ను కోడిగ్రుడ్డు ఆకారము దాల్చినది. పిన్ను నడుమ సగమువరకు అరిగినది. పట్టీలను విడదీయగా మరొక సంగతి బయటపడెను. పైనుండి మూడవ పట్టీ, నడిమి బోల్టు రంధ్రమువద్ద, ఈ చివరనుండి ఆ చివరకు విరిగియున్నది. పై పట్టీలు దానిని కప్పి దాచినవి. మేస్త్రిగారు ఆ విరుపును వ్రేలితో తడిమి, కొంత తుప్పు, కొంత మెరుపు ఉన్నదని చెప్పిరి. తుప్పుపట్టిన భాగము ఎన్నడో చిట్లినది, మెరయుచున్నది నిన్న మొన్న విరిగినది. తరువాతి దెబ్బ పెద్ద పట్టీకే తగులవలెను. అది విరిగినచో ఇరుసే ప్రక్కకు జరుగును. ఆ స్థితిలో ఆ బండిపై రెండు నెలలు కాకినాడకు తిరిగిరని తలచినప్పుడు మా నోట మాట రాలేదు. తండ్రిగారికి ఆ దినమున చెప్పలేదు.

కొలిమిలో కాల్చి అతికించుట యుక్తము కాదా యని మేము అడుగగా మేస్త్రిగారు తల అడ్డముగా ఊపిరి. కమాను ఉక్కునకు వంగి మరల లేచు గుణము ఒక క్రమమున కాచి చల్లార్చుటవలన వచ్చును. కొలిమిలో ఎర్రగా కాల్చినచో ఆ గుణము పోయి, వంగినది వంగినట్లే ఉండిపోవును. అతికిన చోటనో పెళుసై విరుగును. కావున క్రొత్త పట్టీలే శరణ్యము. విరిగినది ఒకవైపే యైనను రెండువైపులకును తెప్పించితిమి; లేనిచో బండి ఒక ప్రక్కకు ఒరుగును. మేనల్లుడు కాకినాడ పోయి పట్టీలు, యు బోల్టులు, పిన్నులు, బుష్షులు తెచ్చెను. విడదీసిన యు బోల్టులను మరల వాడరాదు. అవి బిగింపునకు సాగియుండును. అన్నిటిలో అల్పమైన వెల బుష్షులది. ఇద్దరు పూటకూళ్ళలో భోజనము చేసినంత.

రెండవ దినమున పట్టీలన్నిటిని తీగె బ్రష్షుతో తోమి, నడుమ గ్రాఫైటు గ్రీజు పూసి పేర్చితిమి. అంతటి ఉత్సాహముతోనే మా మేనల్లుడు రబ్బరు బుష్షునకును గ్రీజు పూయబోగా మేస్త్రిగారు చేయి పట్టుకొనిరి. “రబ్బరుకి గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడిపోద్దండి. సబ్బునీళ్ళు చాలు.” ఉక్కునకు ఉక్కు రాయుచోట కందెన కావలెను. రబ్బరు కీలు రాపిడితో తిరుగునది కాదు. ఉన్నచోటనే ఉండి లోలోపల మెలిదిరిగి, మరల విడిచి, దెబ్బను తనలోనే అణచుకొనునది. దానికి కందెన విషము. ఎద్దుబండి శాస్త్రము కారునకు చెల్లని తావు ఇది యొక్కటే యని మా తండ్రిగారు వసారానుండి వ్యాఖ్యానించిరి.

ఆ మధ్యాహ్నము వారు మంచి ఉల్లాసమున ఉండిరి. ఫ్రెంచివారి సిత్రోయెన్ సంస్థవారు పల్లెరైతుల కొఱకు చేసిన చిన్న కారు కథ చెప్పిరి. దున్నిన చేనిమీదుగా కోడిగ్రుడ్ల బుట్టతో నడిపినను ఒక్క గ్రుడ్డును పగులరాదని సంస్థాధిపతి బూలాంజే నియమము పెట్టెనట. ‘దే షెవో’ అను ఆ బండి 1948లో పారిస్ ప్రదర్శనమున లోకమునకు కనబడెను. “మనల్ని రెండు వందల ఏళ్ళు ఏలి, అలాంటి బండి ఒక్కటి మనకి వదిలి వెళ్ళలేదు చూశారా” అనిరి. మేస్త్రిగారు కోడిగ్రుడ్డువలె సాగిన ఆ పాత కన్నును చూపి, “ఇదిగోనండి పంతులుగారూ, గుడ్డు ఇక్కడే పెట్టింది” అనగా, శస్త్రచికిత్స తరువాత మొదటిమారు మా తండ్రిగారు పకపక నవ్వగా వింటిమి.

మూడవ దినమున రెండవవైపు. చేయి తిరిగినందున మధ్యాహ్నమునకే ముగిసినది. అయితే కడపటి బిగింపు దుంగలమీద నుండగా చేయలేదు. చక్రములు తగిలించి, బండిని నేలకు దింపి, వెనుక ఆసనమున ఇద్దరిని కూర్చుండబెట్టి, అప్పుడే పిన్నుల నట్లను గట్టిగా బిగించితిమి. మేస్త్రిగారికి అది అనుభవముచే వచ్చిన ఆచారము. మేనల్లుడు దాని కారణము చెప్పెను. చక్రము వ్రేలాడుచుండగా బుష్షును బిగించినచో, బండి నేలకు దిగినప్పుడే అది ఒకవైపు మెలివడిపోవును. ఆ పైని ప్రతి గతుకును దానిని ఇంకను మెలిపెట్టి, కొద్ది నెలలలోనే చించివేయును. బరువు మోయు స్థితియే దానికి విశ్రాంతి స్థితి కావలెను. పెక్కు మరమ్మతు శాలలలో త్వరపడి వదలివేయుచున్నది ఈ ఒక్క మెట్టునే యని మా అనుమానము.

ముందువైపు జోలికి మేము పోలేదు. అంబాసిడరు ముందు చక్రములకు కమాను కట్టలు లేవు. బారెడు పొడవు గల ఉక్కు కడ్డీ ఒకవైపు చట్రమునకు బిగిసి, రెండవవైపు చక్రపు చేతికి కలిసి యుండును. చక్రము ఎగిరినప్పుడు ఆ కడ్డీ తడిగుడ్డవలె మెలిదిరిగి, మరల విడును. ఇస్సిగోనిస్ అను ప్రసిద్ధ శిల్పి మోరిస్ కార్లకు 1948లో పెట్టిన పద్ధతి ఇది. మెలిలో నిలిచియున్న ఆ బలము అజాగ్రత్తగా విడిచినచో మనిషిని కొట్టి పడవేయును. దానికి తగిన పనిముట్లును, చక్రముల వరుస సరిచూచు సాధనమును ఇంటివద్ద ఉండవు. ఇంటి పనికి ఎల్ల ఎచ్చటనో మేస్త్రిగారు బాగుగా ఎరుగుదురు. ముందు బుష్షులను చేతితో ఊపి, “ఇవి ఇంకో ఏడాది ఆగుతాయండి” అని లేచిరి. కూలి ఇవ్వబోగా పుచ్చుకొనలేదు. మా తల్లిగారు అరిసెలు, పంచెల చాపు ఇచ్చిరి. వానిని మాత్రము కన్నుల కద్దుకొనిరి.

గురువారము ఉదయమున తండ్రిగారిని వెనుక ఆసనమున కూర్చుండబెట్టి, ప్రక్కన మేము కూర్చుంటిమి. మేనల్లుడు నడిపెను. ఇంజరము దాటువరకు వారు చువ్వను విడువలేదు. తరువాత చేయి మెల్లగా దిగి ఒడిలోనికి వచ్చెను. తూములు తగులుచునే యుండెను. బండి ఎగురుట మానలేదు. ఎగిరినది దిగునప్పుడు ఇనుము ఇనుమును కొట్టు ఆ దెబ్బ మాత్రము లేదు. వారు కిటికీనుండి పొలములను చూచుచు, చిన్ననాడు ఆ దారిని బండిలో పోయిన ముచ్చట ఏదియో చెప్పుచు, నడుమ నిదురించిరి. కోరంగి సమీపించుచుండగా మేల్కొని, “తాళ్ళరేవు ఇంకా రాలేదా?” అని యడిగిరి.

విరిగిన పట్టీ సంగతి తిరుగు ప్రయాణమున చెప్పితిమి. కొంతసేపు మాట్లాడలేదు. ఇల్లు చేరిన తరువాత దానిని తెమ్మని, రెండు ముక్కలను ఒకదానికొకటి ఆనించి చూచి, పెరటి మెట్టుప్రక్కన గోడకు ఆనించి పెట్టుమనిరి. పది దినముల పిమ్మట, మేము పుదుచ్చేరికి బయలుదేరుటకు ముందు, యు బోల్టుల నట్లను మరల ఒకమారు బిగించితిమి. క్రొత్త పట్టీలు సర్దుకొన్న తరువాత అట్లు చేయుట తప్పనిసరి. ఒక్కొక్కటి పావు చుట్టు తిరిగినది.